చల్లగా తగిలిన నుదురు

దిండు గలీబు మీద మరక చూడగానే కోడలికి కోపం వచ్చింది.

తుప్పు మరక. ముందు భాగంలో లాండ్రీ, వెనక భాగంలో కాపురం ఉన్న ఆ ఇంట్లో తుప్పు మరకంటే అందరికీ హడలు. హోటళ్ళ నుంచి వచ్చే తెల్ల దుప్పట్ల మీద పడిందంటే సబ్బుకు లొంగదు, సోడాకు లొంగదు. పెద్ద మిషను డ్రమ్ములో ఎక్కడో పెచ్చు లేచింది, ఒకసారి చూడండి మహాప్రభో అని ఆమె మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతూనే ఉంది. చూస్తాలే, చూస్తాలే అని అతను తప్పించుకు తిరిగాడు. ఇప్పుడది ఇంటి గలీబులకే పట్టుకుంది.

"చూశారా, నేను చెప్పలేదూ" అంటూ ఆమె గలీబు పట్టుకుని మంచం వైపు తిరిగింది.

అతను మంచం అంచున కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి ముందుకు వంగి ఉన్నాడు. ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి ఇప్పుడే కూలబడినవాడిలా భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆమె మాట విన్నట్టు లేదు. ఒకసారి దగ్గాడు. అరచేతిలోకి ఉమ్మి, ఆ చేతిని చాచి ఆమెకు చూపించాడు, ఇదేమిటో నువ్వు చెప్పు అన్నట్టు.

అరచేతిలో అదే రంగు.

మరకను చూసి పేరు చెప్పడం ఆ ఇంట్లో ఆమె పని. మూట విప్పుతూనే టీ ఏదో, నూనె ఏదో, సిరా ఏదో, నెత్తురేదో చెప్పి వేరు వేరు గుట్టలుగా విసిరేస్తుంది. కాపురానికి వచ్చిన ఏడాదికే ఆ పని అత్తగారి దగ్గర్నుంచి ఆమెకు వచ్చేసింది. ఇంతవరకూ గురి తప్పలేదు. ఇవాళ తప్పింది.

"ఎప్పట్నుంచండీ ఇది?"

"పక్కలో... పొడుస్తోంది" అన్నాడు అతను. ఆ రెండు ముక్కలకీ మధ్య ఆగి గాలి పీల్చుకున్నాడు.

ఆ మనిషిని ఇంట్లో అందరూ రేడియో అని పిలుస్తారు. తెల్లారి లేచింది మొదలు పడుకునేదాకా నోరు మూతపడదు. మిషను మోతలో కూడా ఆ మోతకు పైన మాట్లాడతాడు. అలాంటివాడు రెండు ముక్కలు పలకడానికి మధ్యలో ఆగాడు.

కిటికీ తెర లాగింది. వెలుగు మొహం మీద పడింది. తెల్లబట్టలు ఆఖరిసారి జాడించేటప్పుడు వేసే నీలిమందు ఎవరో వేలితో రాసినట్టు ఉన్నాయి అతని పెదవులు.

ఆమె గలీబు చేతిలో ఉండగానే నడవా దాటి దుకాణంలోకి పరుగెత్తింది.

అత్తగారు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఉంది. హోటలు వాళ్ళ చొక్కాలు అప్పటికే ఒక వరస అయ్యాయి. బావగారు, అంటే అతని అన్న, బయట వ్యానులోకి దుప్పట్ల మూటలు ఎక్కిస్తున్నాడు. కోడలు వచ్చి నిలబడిన తీరు చూసి అత్తగారు ఇస్త్రీపెట్టె నిలబెట్టేసింది. ఏమిటని అడగలేదు. కోడలి చేతిలోని గలీబు చూసింది, మొహం చూసింది, గదిలోకి నడిచింది.

వెళ్ళీ వెళ్ళగానే కొడుకు నుదుటి మీద అరచేయి వేసింది.

వేసి, ఆశ్చర్యంగా కోడలి వైపు తిరిగింది.

"జ్వరమేం లేదే. చల్లగానే ఉన్నాడు" అంది.

కోడలు వంగి అతని మెడ మీద చేయి పెట్టింది. చురుక్కుమంది. చేయి వెనక్కి తీసేసుకుంది. మళ్ళీ పెట్టింది. అప్పటికి ఆమెకు ఏదీ ఆలోచించే తెలివి లేదు. అత్తగారికి చల్లగా ఉన్న మనిషి తనకెందుకు కాలుతున్నాడో అడగాలని తోచలేదు.

"బావగారిని పిలవండి" అంది అంతే.

*

వ్యాను నిండా దుప్పట్లే. దించే వ్యవధి లేదు. అన్న తమ్ముణ్ణి చంకల కింద చేతులు వేసి ఎత్తి, మూటల మధ్య కూర్చోబెట్టాడు. కోడలు ఒక పక్క, అత్తగారు ఒక పక్క. బండి గతుకుల్లో పడ్డప్పుడల్లా అతని తల ఆ పక్కకీ ఈ పక్కకీ వాలుతోంది. తల్లి పట్టుకుంటే తల్లి భుజం మీద, భార్య పట్టుకుంటే భార్య భుజం మీద.

అతను ఏదో గొణిగాడు. మూటలు లెక్క తగ్గాయని అంటున్నాడు. ఏ మూటలని భార్య అడిగితే ఆమె మొహంలోకి చూశాడు కానీ గుర్తుపట్టినట్టు లేదు.

పోయిన వారం ఆ ఇంట్లో పడకలు లేవలేదు. ఊరంతా ఫ్లూ, ఆ ఇంట్లోనూ ఫ్లూ. ముందు అన్న పడ్డాడు, తరవాత కోడలు, తరవాత అత్తగారు ఒక పూట నిలబడే దగ్గుతూ పని చేసి ఆఖరికి తనూ పడింది. అందరికన్నా గట్టిగా పట్టింది ఇతనికే. అందరూ లేచారు. ఇతనూ లేచాడు. జ్వరం జారిపోయింది, ఒళ్ళు తేలికపడింది, వెళ్ళి మిషన్ల దగ్గర నిలబడ్డాడు. ఆగిపోయిన మూటలు గుమ్మం దాకా పేరుకుని ఉన్నాయి. ఇంటికి పట్టిన పీడ వదిలిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

నిన్న సాయంత్రం అతను వణుకుతూ లోపలికి వచ్చాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నన్ను కూడా పిండే మిషన్లో వేసి తిప్పారా ఏమిటి, ఎముకలన్నీ నీరుగారిపోయాయి అని నవ్వించాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామని భార్య అంది. అత్తగారు బల్ల దగ్గర్నుంచి చొక్కా సగంలో వదిలి వచ్చి, నుదురు పట్టుకు చూసి, మంచుముక్కలా ఉందని చెప్పింది. ఫ్లూ పోయింది, బద్ధకం మిగిలింది, పనెక్కువైతే వీడికి చిన్నప్పట్నుంచీ ఇంతే అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వబోయి దగ్గాడు.

అత్తగారి చేయంటే ఆ ఇంటికి కొలత. పెట్టెకు కాక చాలిందో లేదో తడివేలు ఆనించి చెప్పేది. నూలుకెంత, సిల్కుకెంత అన్నది ఆ చేతికే తెలుసు. మొగుడు పోయాక ఇద్దరు కొడుకుల్నీ ఆ చేత్తోనే సాకింది. జ్వరమో కాదో ఆ చేయే తేల్చేది. ఒకసారి థర్మామీటరు కొందామని కోడలంటే బావగారు నవ్వి, "మా అమ్మ ఉండగా ఎందుకమ్మా, ఆవిడకి బ్యాటరీ కూడా అక్కర్లేదు" అన్నాడు. ఆ మాట చాలాకాలం ఇంట్లో చెప్పుకుని నవ్వుకున్నారు.

నిన్న మాత్రం కోడలు నవ్వలేదు. అయినా సరే ఒకసారి వెళ్దాం అని పట్టుబట్టింది. అమ్మ చెప్పింది కదా, ఊరుకో అని అతనే అన్నాడు. ఆమె ఊరుకుంది.

ఇప్పుడు మూటల మధ్య అతని చేయి పట్టుకుని కూర్చుంటే, ఆ ఊరుకోవడమే ఆమె గుండెలో మెదులుతోంది. అతని గోళ్ళు కూడా నీలంగా ఉన్నాయి. అత్తగారికి కనబడకుండా వాటిని తన పిడికిట్లో మూసేసింది. ఎందుకు దాచిందో తెలియదు.

*

ఆస్పత్రిలో వాళ్ళను ఎవరూ ఆగమనలేదు. అదే కోడలిని ఎక్కువ భయపెట్టింది. ఎప్పుడు వచ్చినా చీటీ తీసుకోండి, కూర్చోండి, పిలుస్తాం అనే చోటు. ఇవాళ వాకిట్లో నిలబడ్డ మనిషి అతని మొహం చూస్తూనే చక్రాల మంచం తోసుకొచ్చాడు.

డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నిద్రలేక కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. అతని వేలికి ఏదో తగిలించి, అంకె చూసి, నర్సుతో తక్కువ గొంతుతో రెండు మాటలు చెప్పింది. నర్సు నడవలేదు, పరుగెత్తింది. మొహానికి మాస్కు పెట్టారు. రెండు చేతులకీ సూదులు గుచ్చారు. చొక్కా కత్తిరించేశారు. నిన్న అత్తగారు ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కా అది.

పని చేస్తూనే డాక్టరు అడుగుతూ పోయింది. అన్న జవాబులు చెప్పాడు. ఫ్లూ వచ్చిందన్నాడు, అందరికీ వచ్చినట్టే వచ్చిందన్నాడు.

"మధ్యలో తగ్గిందా?"

"పూర్తిగా తగ్గిపోయిందండీ. పనిలోకి కూడా వచ్చేశాడు."

డాక్టరు చేయి ఒక క్షణం ఆగింది. తల ఎత్తి వాళ్ళ ముగ్గురినీ చూసింది.

పరీక్షలకు రక్తం పంపి, ఎక్స్‌రే తీయించి, వాళ్ళను పక్కకు తీసుకెళ్ళి చెప్పింది. ఫ్లూ వచ్చింది, వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఊపిరితిత్తుల లోపలి పొరను పుండు చేసి వెళ్ళింది. అలాంటి చోట బాక్టీరియాకి అడ్డుండదు. అది దిగి, రెండు వైపులా పట్టేసింది. ఇది ఫ్లూ కాదు, ఫ్లూ వెనకాలే వచ్చిన వేరే జబ్బు. ఇప్పుడు రక్తంలోకి కూడా ఎక్కినట్టుంది, బీపీ నిలబడటం లేదు. మందులు మొదలుపెట్టాం.

"కండలు తిరిగినవాడండీ వాడు" అన్నాడు అన్న. "తడి దుప్పట్ల మూట ఒక్కడే ఎత్తుతాడు. ఫ్లూకి ఇలా అవుతారా మనుషులు?"

"ఎక్కువమందికి అవదు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ చలి, జ్వరం వచ్చిందంటే మాత్రం ఇంట్లో ఉండకూడదు. నిన్న జ్వరం ఎంత ఉంది?"

"లేదండీ. చూశాం."

"దేంతో చూశారు?"

అన్నకీ కోడలికీ వెనక నిలబడ్డ అత్తగారు ముందుకొచ్చి, డాక్టరు ముందు చేయి చాపింది.

"దీంతో" అంది.

డాక్టరు ఆ చేతిని పట్టుకుని తిప్పి చూసింది. బొటనవేలి మొదట్లో తోలు పలకలా గట్టిపడి ఉంది. వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయి. అక్కడక్కడ పాత కాలిన మచ్చలు తెల్లగా మెరుస్తున్నాయి.

"ఏం పని చేస్తారమ్మా?"

"ఇస్త్రీ."

"పని మధ్యలో ఉండి చూశారా?"

"బల్ల దగ్గర్నుంచే లేచొచ్చి చూశాను. ఇవాళ కూడా."

డాక్టరు చేతిని మెల్లగా వదిలింది. అనాలా వద్దా అని ఆలోచించినట్టుంది.

"చేయి కాలుతూ ఉంటే ఏ నుదురైనా చల్లగానే తగులుతుందమ్మా" అంది.

ఆ గొంతులో నింద లేదు. నిన్న వచ్చుంటే ఇలా జరిగేది కాదని కూడా ఖాయంగా చెప్పలేనని, ఇది ఒక్కొక్కరిలో గంటల్లో ముదిరిపోతుందని కూడా అంది. ఆ తరవాతి మాటలు కోడలి చెవిన పడలేదు. మొదటి మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.

అత్తగారు చాపిన చేతిని ఇంకా దించలేదు. అది తన చేయి కానట్టు, ఎవరో ఇచ్చి పట్టుకోమన్న వస్తువైనట్టు దానివైపే చూస్తోంది.

*

అతన్ని లోపలి వార్డుకు మార్చారు. అద్దాల తలుపు, తలుపు లోపల తెర. ఎదురుగా గోడకు ఆనించి ఇనప బెంచీ. ముగ్గురూ దాని మీద కూర్చున్నారు, మధ్యలో అన్న.

హోటలు నుంచి ఫోను వచ్చింది. దుప్పట్లు ఇంకా రాలేదేమని. అన్న లేచి దూరంగా వెళ్ళి మాట్లాడి వచ్చాడు. బెంచీ మీద మధ్య ఖాళీ అలాగే ఉంది. ఆ ఇద్దరూ దాన్ని పూడ్చలేదు.

"నిన్న వెళ్దామన్నాను" అంది కోడలు.

ఎవరితో అన్నదో చెప్పక్కర్లేదు. అత్తగారు నేలవైపు చూస్తోంది.

"నేనన్నాను. మీరు పట్టుకు చూసి మంచుముక్కన్నారు. నా నోరు మూయించారు."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అన్నాడు అన్న, వచ్చి కూర్చుంటూ.

"ఇంకెప్పుడు బావగారూ? మన ఇంట్లో అన్నం ఉడికిందో లేదో ఆవిడ చేయే చెప్పాలి, వాన వస్తుందో రాదో ఆవిడ చేయే చెప్పాలి. నాకు కళ్ళు లేవా? మనిషి గడగడ వణికిపోతుంటే నాకు కనపడలేదా? మీరందరూ నవ్వారు."

"నేనూ నవ్వాను" అన్నాడు అన్న. తప్పు ఒప్పుకున్నట్టు కాదు. నిజం చెప్పినట్టు.

అత్తగారు అప్పటిదాకా ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. పెళ్ళి చూపుల నాటి నుంచి కోడలికి ఆవిడ గొంతే తెలుసు. ఆ గొంతు ఇప్పుడు లేచింది, కానీ ఎప్పటిలా పైకి కాదు, గొంతులోనే.

"నాది పనికిమాలిన చెయ్యే అమ్మాయ్. ఒప్పుకుంటున్నాను. కాలి కాలి చచ్చిన చెయ్యి. నీది లేతచెయ్యే కదా. రాత్రంతా వాడి పక్కనే పడుకున్నావు. వాడు కాలిపోతుంటే నీకు తెలియలేదా?"

కోడలు చూపు అద్దాల తలుపు వైపు తిప్పేసింది.

తెలియలేదు. తెలిసే వీల్లేదు. రాత్రి ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ మాటే నెగ్గించాడని అలక. అతను ఒకసారి భుజం తట్టాడు. తట్టినచోట దుప్పటి ఉంది. నిద్రపోతున్నట్టు నటించింది. అతను మంచినీళ్ళ కోసం లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళి, గోడ పట్టుకుంటూ వచ్చాడు. ఆ అడుగుల చప్పుడు వింటూనే పడుకుంది. కావాలనే బతిమాలించుకుందామని పడుకుంది.

ఆ సంగతి ఈ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే అత్తగారి మాట ఎముక దాకా దిగింది. తెలిసి అని ఉంటే పోట్లాడేది.

"మీరలా అనొద్దు" అంది. అంత చిన్న మాట తన నోట్లోంచి రావడం ఆమెకే వింతగా ఉంది.

అన్న ఇద్దరివైపూ చూసి లేచాడు. వ్యానులో దుప్పట్లు ఎండకు మగ్గిపోతున్నాయని, ఎవరినైనా పట్టుకుని దింపిస్తానని అన్నాడు. అని, వెళ్ళలేదు. రెండడుగులు వేసి గోడకు చేరగిలబడ్డాడు.

*

తలుపు తెరుచుకుంది. డాక్టరు కాదు, నర్సు. నడివయసు మనిషి, చేతి తొడుగులు తీస్తూ వచ్చింది. మాస్కుతో ఇచ్చే గాలి చాలడం లేదని చెప్పింది. డాక్టరుగారు ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేస్తారు. అందుకు నిద్రపుచ్చాలి. గొట్టం ఉన్నన్నాళ్ళూ మాట్లాడలేరు.

"ముందు ఒకరు వచ్చి కనిపించండి. ఒక్కరే. రెండు మాటలు మాట్లాడి వచ్చేయాలి."

అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే లేచారు.

లేచి, ఒకరినొకరు చూసుకున్నారు. అన్న తల తిప్పుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్య ఎంపిక చేసే పని తన మీద పడుతుందేమోనని భయపడ్డాడు కాబోలు. నర్సు మాత్రం చేతి తొడుగులు చెత్తబుట్టలో పడేసి, ఎవరమ్మా అంది.

అత్తగారు కూర్చుంది.

"వెళ్ళమ్మాయ్" అంది. "నువ్వే వెళ్ళు. పెళ్ళానివి. వాడికి నువ్వే కావాలి."

కోడలు కదల్లేదు. ఇంతకుముందు ఎప్పుడూ అత్తగారు ఏదీ వదులుకోవడం ఆమె చూడలేదు. వంటగదిలో గరిట కూడా వదిలేది కాదు.

"వాడు నా గురించి అడిగితే చెప్పు. తలుపు ఇవతలే ఉన్నానని చెప్పు. ఎక్కడికీ పోలేదని చెప్పు."

నర్సు ఆమెకు గౌను తొడిగి, వెనక ముడి వేసింది. మూతికి గుడ్డ కట్టింది. లోపలికి వెళ్తూ కోడలు వెనక్కి తిరిగి చూడలేదు.

లోపల చల్లగా ఉంది. నాలుగు వైపులా సన్నటి కూతలు. ఇన్ని తెల్లదుప్పట్ల మధ్య ఆమె బతుకంతా గడిచింది, అయినా అక్కడ పరిచిన దుప్పటి ఎవరింటిదో తెలియని పరాయి దుప్పటిలా ఉంది. దాని కింద అతను మరీ సన్నగా కనిపించాడు. నిన్నటికీ ఇవాళ్టికీ మనిషి ఇంత తగ్గుతాడా.

కళ్ళు తెరిచే ఉన్నాడు. తెలివి ఉంది. వ్యానులో లేని తెలివి ఇప్పుడు వచ్చింది, గాలి పెట్టినందుకేమో. ఆమెను చూశాడు. గుర్తుపట్టాడు.

ఆమె చెప్పాలనుకున్నవన్నీ అక్కడే ఉన్నాయి. రాత్రి నేను మేలుకునే ఉన్నానండీ అని చెప్పాలి. భుజం తడితే తిరగలేదు, క్షమించండి అని చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పి బయటికి వచ్చేస్తే చాలనుకుంది. వంగింది. మాస్కు లోపల అతని పెదవులు కదిలాయి. గాలి రొదలో వినబడలేదు. చెవి ఆనించింది.

"అమ్మేదీ" అన్నాడు.

ఆమె మళ్ళీ చెవి ఆనించింది.

"ఒకసారి... రమ్మను."

అతను ఆమెవైపు చూడటం లేదు. ఆమె భుజం మీదుగా, ఆమె వెనక ఉన్న తలుపువైపు చూస్తున్నాడు.

నర్సు వేళ అయిందన్నట్టు చేయి ఊపింది. అతని వేళ్ళు ఆమె గౌను అంచును పట్టుకుని ఉన్నాయి. పట్టు అని కూడా అనలేం, ఆనించి ఉన్నాయి అంతే.

"వస్తారు" అంది ఆమె. "ఇప్పుడే పంపిస్తాను."

తను చెప్పాలనుకున్నది చెప్పకుండానే లేచి వచ్చేసింది.

*

తలుపు దాటేసరికి అత్తగారు నిలబడే ఉంది. అన్న కూడా దగ్గరికి వచ్చాడు. ఎలా ఉన్నాడని అన్న అడిగాడు. తెలివిలోనే ఉన్నారని చెప్పింది. మాట్లాడాడా అంటే మాట్లాడారంది.

"నన్నేమైనా అడిగాడా?"

ఆ గొంతు ఎంత మెత్తగా ఉందంటే, కోడలు తలెత్తి చూసింది. అత్తగారి కళ్ళలో ఆశ ఉంది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఏది వండాలన్నా, ఏది కొనాలన్నా తన దగ్గర్నుంచి ఆ కళ్ళు ఏదీ అడగలేదు. ఇవాళ అడుగుతున్నాయి. ఇవ్వడం ఇవ్వకపోవడం తన చేతిలో ఉంది.

నువ్వు పక్కనే పడుకున్నావు, నీకు తెలియలేదా. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. రమ్మను. ఆ మాట కూడా చెవిలోనే ఉంది. అతని ఆఖరి రెండు మాటల్లో కూడా తన గురించి ఒక్కటి లేదు.

"లేదు" అంది.

అత్తగారు తలాడించింది. ఎవరో చెప్పిన లెక్క సరిపోయిందన్నట్టు ఆడించింది. "కోపం వచ్చుంటుంది. రాదా మరి" అంది. వెళ్ళి బెంచీ కొసన కూర్చుంది. రెండు చేతులనూ చీర కొంగు కింద పెట్టుకుంది.

అది చూడగానే కోడలికి తను ఏం చేసిందో తెలిసింది. నోట్లోంచి వచ్చిన మాటను మళ్ళీ లోపలికి తీసుకోవడానికి ఎంత సేపు పడుతుంది? ఇంకా తలుపు అక్కడే ఉంది. నర్సు అక్కడే ఉంది. బతిమాలితే ఒక్క నిమిషం ఇవ్వరా, కాళ్ళు పట్టుకుంటే ఇవ్వరా.

గౌను ముడి విప్పుతున్న చేతులు ఆగాయి.

"అత్తయ్యా" అంది.

అత్తగారు తలెత్తేలోపల అద్దం వెనక తెర మూసుకుంది. లోపల అడుగుల చప్పుడు, బండి చక్రాల చప్పుడు. డాక్టరమ్మాయి గొంతు ఏదో అంకె చెప్పింది. తరవాత ఏమీ వినబడలేదు.

ముగ్గురూ ఆ తెరనే చూస్తూ ఉండిపోయారు. ఎంత సేపో ఎవరికీ తెలియదు. కోడలు తను పిలిచిన పిలుపును పూర్తి చేయలేదు. అత్తగారు ఏమిటని అడగలేదు.

నర్సు బయటికి వచ్చింది. గొట్టం వేయడం అయిపోయిందని చెప్పింది. బీపీకి మందు ఎక్కుతోంది, ఇవాళ, రేపు గడవాలి అంది.

"మళ్ళీ ఎప్పుడు లేస్తాడు?" అని అన్న అడిగాడు.

"అది మేం చెప్పలేం బాబూ. నిద్రలోనే ఉంచుతారు."

ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళబోతూ, బెంచీ మీది ముసలావిడను చూసి ఆగింది.

"మీరేనా అమ్మ?"

అత్తగారు లేచి నిలబడింది.

"ఏం తల్లీ?"

"ఏం లేదమ్మా. మీరొస్తున్నారని ఈవిడ మీ అబ్బాయితో చెప్పారటగా. మందు ఎక్కేదాకా ఆయన తలుపు వైపే చూస్తూ ఉన్నారు. ఇప్పుడే వస్తారు బాబూ అని నేనూ చెప్పాను. ఇంకొంచెం ఆగుదామన్నా డాక్టరుగారు ఆగే పరిస్థితి లేదు." ఆమె గొంతు తగ్గించింది. "ఎందుకు రాలేదమ్మా?"

అన్న ముందు తల్లివైపు చూశాడు. తరవాత మరదలి వైపు చూశాడు. చూసి, వెంటనే చూపు దించేసుకున్నాడు.

కొంగు కింద నుంచి అత్తగారి చేతులు బయటికి వచ్చాయి. గాలిలో ఆగాయి. మెల్లగా, చాలా మెల్లగా ఆవిడ కోడలి వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు. కోపం వస్తే కోడలికి ఏం చేయాలో తెలిసేది.

"అడిగాడా?" అంది.